ఖాజా చాచా గాజులు, నా సీదా గీత

నిన్న మా ఇంటామెతోని లాడ్ బజార్ పోయిన. ఒక దుకాణంల గాజుల సెట్ చూసి "ఇది మస్తుగున్నది కదా!" అన్నది. నాకు తుమ్ములు మొదలైనయి! గాజులకు తుమ్ములేంది అంటరా? చెప్త, మీ చాయ్ కానియ్యుండ్రి.

నేను ఇంజినీరింగ్ ఆఖరి సాల్‌ల ఉన్నప్పటి ముచ్చట. జేబుల లెక్కలు చేసే స్లైడ్ రూల్ పెట్టుకొని బహదూర్‌పురంత తిరిగేటోణ్ణి. మేం కిరాయికున్న ఇంటి కింద మల్లేశం మామ పిండి, కారం పట్టే గిర్ని. గోడ అవతల ఖాజా చాచా ఇల్లు. చాచాకు లాడ్ బజార్‌ల గాజుల దుకాణం ఉండె, సరుకేమో ఇంట్ల గోడ అల్మారలల్ల. గిర్ని నడిస్తే గోడ వణుకుడు, గాజులు గలగల, ఇద్దరికీ లొల్లి.

ఆ వారం చాచాకు పెండ్లి ఆర్డర్ వచ్చింది. పచ్చ గాజులు, శుక్రవారం చేరాలె.

"మల్లేశం భాయ్, శుక్రవారం దాక గిర్ని బంద్ పెట్టరాదు?"

"మిరపకాయల సీజన్ భాయ్, ఎట్ల పెడుత?"

చాచా సరుకంత చెల్లె ఇంటికి పంపుతనన్నడు. నడుమ నేను దూరిన. "ఫికర్ చెయ్యకు చాచా, వణుకు నేను ఆపుత!" నన్నెవరు పిలిచిండ్రు చెప్పుండ్రి?

పాత లారీ టైరు కోసి గిర్ని కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెడుదామనుకున్న. ముందుగాల ఒక ముక్క మీద బస్తాలు పేర్చి, ఎంత కుంగుతున్నదో రాసుకున్న. రబ్బరు మొదాల మెత్తగ కుంగుతది, బరువు పెరిగిన కొద్ది మొండికేస్తది. గ్రాఫ్‌ల గీత వంకర వచ్చింది. వంకర గీతకు బదులు దానికి దగ్గరి సీదా గీత పెట్టుకొని లెక్క చెయ్యొచ్చని మా సార్ చెప్పిండు. "కాని ఊపు ఎంతనో చూసి గియ్యాలె. ఊపు మారితే గీత మార్చాలె" అని గూడ చెప్పిండు. ఆ రెండో మాటప్పుడు నేను కిటికీల నుంచి బయటికి చూస్తున్ననేమో!

ఒక్క సీదా గీత గీసి, ఆ లెక్కతోని ముక్కలు కోసి గిర్ని కింద పెట్టిన. బుధవారం ట్రయల్. కొద్దిగ జొన్నలు పోసి గిర్ని నడిపినం. మామ దాని మీద చాయ్ గ్లాస్ పెట్టిండు. చాయ్ కదల్లే! "వాహ్ ఇంజినీర్ సాబ్!" అని చాచా నన్ను గట్టిగ పట్టుకున్నడు. నా మాట నమ్మి పెండ్లి గాజులు అల్మారల్నే ఉంచిండు.

గురువారం పొద్దున మామ నిండ మిరపకాయలు పోసిండు. ఊపు పెరిగింది. ఊపు పెరిగితే రబ్బరు గట్టిపడ్డది, దాని ఊగుడు గిర్ని తిరుగుడుతోని సరిగ్గ కలిసింది. వెనుకకు వచ్చిన ఉయ్యాలను సరిగ్గ అప్పుడే నూకితే ఎట్ల లేస్తదో, గిర్నికి గట్లనే అయ్యింది. ధడ్! ధడ్! ధడ్! ఎగురుకుంట గోడ దిక్కు నడుసుడు మొదలుపెట్టింది! మామ బెల్టు తీసేసరికి కారం వాడకట్టంత లేచింది. గోడ అవతల భళ్ళున చప్పుడు, "యా అల్లా!" అని కేక.

ఉరికిన. పచ్చ పెంకుల నడుమ చాచా కూసొని తుమ్ముతున్నడు. తిట్టలే. తిడితే బాగుండు. నా జేబుల ఉన్న గ్రాఫ్ కాగితం తీసుకొని చూసిండు.

"స్కేల్ పెట్టి సీదా గీసినవ్ బేటా. రబ్బర్‌ను అడిగినవా?"

సిగ్గుతోని తల ఎత్తలే. ముందు దినమే నన్ను గట్టిగ పట్టుకొని మెచ్చుకున్న మనిషి.

ఆ దినమంత నేను, చాచా, మామ ముగ్గురం తుమ్ముకుంట పగలని గాజులు ఏరినం. సగం గూడ మిగల్లే. పచ్చవి ఇంక యాడ దొరుకుతయి? చాచా కాసేపు గడ్డం గోక్కున్నడు. దుకాణం నుంచి ఎర్ర లక్క గాజులు తెచ్చిండు. మూడు పచ్చయి, ఒక లక్కది, మళ్ళ మూడు పచ్చయి, గట్ల సెట్లు కట్టినం. శుక్రవారం పెండ్లోళ్ళు చూసి "ఇది కొత్త ఫ్యాషనా?" అని మురిసిపోయిండ్రట. చాచా వాపసొచ్చి నన్ను మళ్ళ గట్టిగ పట్టుకున్నడు, నేను ఏడ్చిన. కారం అని చెప్పిన.

ఇప్పుడు ఆ గిర్ని లేదు. చాచా లేడు. నిన్న దుకాణంల గదే మూడు పచ్చయి, ఒక లక్కది ఉన్న సెట్ చేతుల పట్టుకున్నప్పుడు మస్తు యాదికొచ్చిండు.

మా ఇంటామె దుకాణపాయనను "దీన్నేమంటరు?" అని అడిగింది.

"ఇంజినీర్ సెట్, అమ్మా. ఎందుకో తెల్వదు, బజారంత గట్లనే అంటరు."

"చూసిన్రా, ఇంజినీర్లంటే ఎంత ఇజ్జతో!" అన్నది నా దిక్కు తిరిగి.

పదిహేనేండ్ల సర్వీసు నాది. చేసిన డిజైన్లన్నిట్ల జనం ఇంకా మెచ్చేది అదొక్కటే!