నల్లగౌనావిడ, మా అవ్వ పచ్చచీర

మా అవ్వకు నేనొక అబద్ధం చెప్పాను. ఆ సంగతి నా డైరీకి తప్ప ఇంతవరకు ఎవరికీ తెలియదు. మొన్న ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే స్కాట్లండ్‌లో సరస్సు ఒడ్డునున్న ఒక చిన్న ఊరి ఫొటో కనిపించింది. ఆ వంపు తిరిగిన ఒడ్డును, వెనకనున్న జోడుకొండలను చూడగానే గుర్తుపట్టాను. అదే ఊరు నలుపు తెలుపుల్లో పన్నెండేళ్ళుగా నా పెట్టెలో ఉంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా కదిరిలో పాత కాగితాల అంగడిలో ఆ పుస్తకం దొరికింది. అట్ట ఊడి, చెమ్మకు ఉబ్బిపోయినా, లోపలంతా నూరేళ్ళ నాటి ఫొటోలు. సరస్సుల ఒడ్డున ఊళ్ళు, ఆ ఊళ్ళలో పేరున్న మనుషులు. కాగితం మందం, శెనక్కాయల పొట్లానికి మడత పడదని అంగడాయన నాకు ఊరికే ఇచ్చేశాడు. ఎవరితోనూ రెండు మాటలు కలపలేని నేను, ఫొటోల కింది ఇంగ్లీషును నిఘంటువు పెట్టుకుని చదువుతూ, పడవలు కట్టే ముసలాయనతో, గుర్రమెక్కి పల్లెలు తిరిగిన డాక్టరుతో, ఆడపిల్లలకు బడి పెట్టిన నల్లగౌనావిడతో సెలవులన్నీ గడిపాను. ఎండిన చెరువులో కంపచెట్ల నడుమ నడిచి బడికి పోయే పిల్లకు, కొండనీడ మొత్తం పట్టేటన్ని నీళ్ళు ఒకచోట ఉంటాయంటే ఊపిరి ఆగినట్టయ్యేది.

నాయన వాళ్ళమ్మ, మా అవ్వ, ఒకనాడు నా భుజం మీదుగా ఆ పుస్తకంలోకి చూసింది. మంచిబట్టలు కట్టుకుని ఒడ్డున వరుసగా నిలబడిన జనం కనిపించారు.

"చెరువు నిండినట్లుండాది గదే పాపా. ఊరంతా వచ్చి గంగపూజ చేస్తాండారు. సారె పెట్టినామె ఎవరే ఈళ్ళలో?"

మా ఊళ్ళో చెరువు నిండి మరువ పారితే, అంటే అలుగు మీదుగా నీళ్ళు దూకితే, వంతు వచ్చిన ఇంటి ఆడమనిషి మేళంతో కట్ట మీదికి పోయి గంగమ్మకు చీర వదలాలి. మా ఇంటి వంతు వచ్చిందని అవ్వ పచ్చచీర తెచ్చి పెట్టుకుంది. చెరువే మళ్ళీ నిండలేదు. ఏటేటా ఆ చీరను ఎండకు ఆరేసి, వేపాకు వేసి మడిచి దాచేది. అలాంటి మనిషికి, ఆ సరస్సు ఎప్పుడూ నిండే ఉంటుందని, వాళ్ళు ఉత్త ఫొటోకే నిలబడ్డారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నల్లగౌనావిడ మీద వేలు పెట్టి, ఈమేనవ్వా అన్నాను.

"సారె పెట్టను నల్లది కట్టుకోనొచ్చిందే, తిక్కది," అని నవ్వి, కాసేపటికి, "ఎన్నేండ్లు కాచుకోనుండెనో పాపం," అంది.

నేను డిగ్రీ ముగించిన ఏడాది వానలు వదలకుండా కురిసి చెరువు నిండింది. అప్పటికి అవ్వ తుంటి విరిగి మంచంలో ఉంది. ఎత్తుకుని పోదామంటే కట్టంతా జారుతాండాదని నాయన తల పట్టుకున్నాడు. అవ్వ మాత్రం చీర నా చేతికిచ్చి, నువ్వే పోయి పెట్టు అంది. పదిమందిలో తలెత్తని నేను చేటలో చీర పెట్టుకుని మేళం ముందు నడిచాను. మరువ మీద ఎర్రనీళ్ళు ఉరుముతూ దూకుతున్నాయి. చెరువులోకి చూస్తే, పుట్టినప్పటినుంచీ నేను చూస్తున్న మా బోడికొండ అంతా తలకిందులుగా అందులో ఉంది. చీర వదిలి తిరిగేసరికి, ఊరంతా వరుసగా నిలబడి ఉంటే, నడుమ నన్ను పెట్టి చిన్నాయన ఫోన్‌లో ఫొటో తీశాడు.

మొన్న ఫోన్‌లో చూసిన సరస్సు ఇప్పటికీ ఒడ్డుదాకా నిండే ఉంది. ఆ డాక్టరు, ఆ గౌనావిడ మాత్రం ఎప్పుడో వెళ్ళిపోయారు. మా చెరువులో మళ్ళీ కంప మొలిచింది. వంతు ఇప్పుడు పక్కింటివాళ్ళది, వాళ్ళింకా చీర కొనలేదు.

చెరువుకు చీర వదిలిన ఆనాటి సాయంత్రం, చిన్నాయన ఫోన్‌లోని ఫొటోను పుస్తకం పక్కన పెట్టి అవ్వకు చూపించాను. అటూ ఇటూ ఎంతోసేపు చూసింది. నిజం చెప్పేద్దామని అప్పుడే అనుకున్నాను, అవ్వ ముఖం చూసి ఆగిపోయాను. తెల్లారేసరికి ఆమె లేదు. కళ్ళు మూసుకునే ముందు, నల్లగౌనావిడ మీద వేలు ఆనించి, నాతో అన్న ఆఖరిమాట ఇదీ:

"ఆ యమ్మకొక కార్డు రాయే పాపా, మాదీ నిండిందని."