గీత దగ్గర ఆగిపోయే చెయ్యి

2023 వేసవి. అనంతపురంలోని నా క్రీడా సామగ్రి దుకాణంలో ఎక్కువగా అమ్ముడయ్యేవి క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు. గోల్ఫ్ సామాను అడిగేవాళ్లు ఐదారుగురు. అందరూ ఆడటానికి బెంగళూరు పోయి వచ్చేవాళ్లే. దుకాణం పెట్టకముందు పత్రికలో క్రీడావార్తలు రాసేవాణ్ణి. ఎవరికి ఏం కావాలో చూడగానే చెప్పగలననే నమ్మకం అప్పటిదే.

ఒక మధ్యాహ్నం రాయదుర్గం నుంచి ఓబులేసు వచ్చాడు. జీన్స్ కుట్టే యూనిట్ యజమాని, యాభైకి దగ్గర పడిన మనిషి. గుడ్డ సరఫరా చేసే మిత్రుడొకడు అతనికి గోల్ఫ్ అలవాటు చేశాడు.

"బంతి పదడుగులు దొర్లి నిలబడిపోతాందన్నా. ఎనక ముగ్గురు చేతులు కట్టుకోని చూస్తాంటారు. చిన్నప్పుడు గోలీలు గూడా ఆడలే నేను, కటింగ్ టేబుల్ కాడనే పెరిగినా. ఇన్నాళ్లకు ఒక ఆట దొరికింది. వచ్చే నెల గూడా ఇట్లే అయితే కర్రలు ఎవరికన్నా ఇచ్చేసి వచ్చేస్తా."

దుకాణం వెనక స్థలంలో కర్ర ఊపమన్నాను. కిందికి బాగానే దిగుతోంది, దెబ్బలో మాత్రం బలం లేదు. ఇంపాక్ట్ బ్యాగ్ ఇచ్చాను. అది గుడ్డముక్కలు కూరిన సంచి. కర్రతో దాన్ని కొడితే, బంతి తగిలే క్షణంలో చేతులు ఎలా ఉండాలో తెలుస్తుంది. రోజూ యాభై దెబ్బలు కొట్టమన్నాను.

పది రోజులకు ఫోన్ వచ్చింది. "ఏం సంచి ఇచ్చినావన్నా! ముందు పదడుగులన్నా పోతాండె. ఇప్పుడు అయిదే."

మర్నాడు రాయదుర్గం బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి ఓబులేసు కటింగ్ టేబుల్ దగ్గర ఉన్నాడు. యజమాని అయినా పెద్ద కటింగులు తనే చేస్తాడు. అరవై పొరల డెనిమ్, పైన సుద్ద గీత. మిషన్ కత్తి గీత దాకా వచ్చి, వెంట్రుకవాసి కూడా దాటకుండా ఆగుతోంది.

"దాటితే?" అన్నాను.

"అరవై ప్యాంట్లు పాయె!"

పని ముగించి, గోడ పక్కనున్న సంచి ముందు నిలబడి కర్ర ఊపి చూపించాడు. పాతికేళ్లుగా అతనితో పనిచేస్తున్న టైలర్ నాగమ్మ కుట్టు ఆపి నవ్వింది.

"ఏమన్నా, బంతిని గూడా కటింగ్ చేస్తాండావా? మార్కు కాడికి వచ్చేసరికి చెయ్యి నిలబడిపోతాంది."

నేను పట్టుకోలేనిది ఆమె పట్టేసింది. ముప్పై ఏళ్లుగా గీత దగ్గర ఆగడం నేర్చిన చెయ్యి అది. బంతి కూడా దానికి సుద్ద గీతే. గోల్ఫ్‌లో కర్ర బంతిని దాటి, భుజం మీదుగా వెనక్కి పోవాలి. దాన్నే ఫాలో త్రూ అంటారు. అలాంటి మనిషికి నేను ఇచ్చింది, కర్రను ఆపేసే సంచి! ఆగడంలో మరింత తర్ఫీదు ఇచ్చానన్నమాట.

అతనికి కావలసింది స్వింగ్ రోప్. పిడి ఉన్న బరువైన తాడు. సగంలో చెయ్యి ఆగితే తాడు వేలాడిపోతుంది. ఆగకపోతే చుట్టుకొని వచ్చి ఎడమ భుజానికి తగులుతుంది. తెప్పించడానికి వారం పడుతుందన్నాను.

"తాడుకు వారమా అప్పా?" అంటూ నాగమ్మ కింద పడివున్న డెనిమ్ అంచులు ఏరి, మూడు పాయలుగా అల్లి, చివర లావుపాటి ముడి వేసి పావుగంటలో ఇచ్చేసింది.

మొదటిసారి తాడు మోకాళ్ల దగ్గరే చచ్చుబడింది. రెండోసారీ అంతే.

"గీత దాటన్నా! ఈడ ప్యాంట్లు లేవు!" అని నాగమ్మ అరిచింది. మిషన్లన్నీ ఆగి యూనిట్ అంతా నవ్వింది. ఓబులేసు కూడా నవ్వాడు. ఆ నవ్వులో భుజాలు వదులయ్యాయేమో, తర్వాతి ఊపుకు తాడు చప్పున ఎడమ భుజం దాటి వీపు మీద పడింది. తగిలిన చోటును తడుముకుంటూ, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూశాడు.

నెల తర్వాత ఒక ఆదివారం బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు.

"మొదటి బంతి చెట్లల్లోకి పోయిందన్నా."

"అయ్యో!"

"అయ్యో ఏంది? ఎతకడానికి నలుగురం అంత దూరం నడిచినాం!"

కర్రలు ఇంకా అతని దగ్గరే ఉన్నాయి. సాధన పరికరాన్ని ఎంచేముందు ఆ చేతులు ఇన్నాళ్లూ ఏం చేశాయో కనుక్కోవాలని నాకు అప్పుడే తెలిసింది. గత నెల ఒక పళ్ల డాక్టరు వచ్చి, ఇంటర్నెట్‌లో చూసిన గోల్ఫ్ సాధన పరికరాల జాబితా బల్ల మీద పెట్టాడు. దాన్ని పక్కకు జరిపి, కుర్చీ చూపించాను.

"అవి తర్వాత చూద్దాం డాక్టరుగారూ. ముందు మీరు పన్ను ఎట్లా పీకుతారో చెప్పండి."