ప్రయాణ ప్రార్థనలో నేను మింగేసిన జాగ్రత్తలు

సహోదరులారా, మస్కట్‌లో మన సహవాసంవారు నన్ను గొప్ప విశ్వాసి అనేవారు, ఆ మాటను నేనెన్నడూ కాదనలేదు. ఒక సహోదరునికి చెప్పవలసిన జాగ్రత్తలు తెలిసి కూడా నోరు మూసుకున్నానని మొదట వారికి చెప్పలేదు. అది మీకు దాచి సాక్ష్యమివ్వడం నావల్ల కాదు.

తొంభైల మొదట్లో నేను అక్కడ ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు రాసేవాణ్ణి. శుక్రవారాలు అల్ హైల్ పేటలో ఒక రూమ్‌లో కూడుకొనేవాళ్ళం. ఎవరు ప్రయాణమైనా తలమీద చేతులుంచి ప్రార్థించి పంపేవాళ్ళం, ఆ సమయంలో ప్రమాదం మాట ఎత్తితే అది అవిశ్వాసమని పెద్దలు ముఖం చిట్లించేవారు. కరీంనగర్ జిల్లానుంచి వచ్చిన వడ్రంగి యోహానును అతని కంపెనీ కరీబియన్ సముద్రంలోని ఒక ద్వీపానికి పంపుతోంది, అక్కడ తుఫానుకు ఎగిరిపోయిన హోటలు పైకప్పు మళ్ళీ వేయాలి. టికెట్ రాసింది నేనే. విమాన కంపెనీ ఉద్యోగి ఫోనులో నాకు అన్నీ చెప్పాడు: నీళ్ళు కాచి తాగాలి, తెగిన కరెంటు తీగల దగ్గరికి పోకూడదు, మందులు ఇక్కడినుంచే తీసుకెళ్ళాలి, అన్నిటికంటే ముఖ్యం, నిలిచిన వరదనీళ్ళలో వట్టికాళ్ళతో దిగకూడదు, వాటిలో కలిసిన ఎలుకల మూత్రంవల్ల ప్రాణాంతకమైన జ్వరం వస్తోంది.

ప్రార్థన ముగిశాక యోహాను భార్య మార్తమ్మ అందరి ముందే నన్ను అడిగింది. ఆమె మస్కట్‌లోనే బౌషర్ పేటలో ఒక ఆసుపత్రిలో ఆయా.

"అన్నా, నువ్వు రోజూ విమానాలోళ్ళతోని మాట్లాడుతవ్ గదా. ఆడ ఈయన ఎట్ల పైలంగ ఉండాలె?"

పెద్దలు నావైపే చూస్తున్నారు. "ప్రార్థించి పంపుతున్నాం కదమ్మా, దేవుడే చూసుకుంటాడు" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. నాకది తియ్యగా ఉంది.

కొన్ని వారాలకు కంపెనీకి కబురొచ్చింది. వట్టికాళ్ళతో నీళ్ళలో దిగి చెక్కలు మోసిన యోహానుకు జ్వరం పట్టింది, కళ్ళు పచ్చబడ్డాయి, స్పృహ లేదు. ఇక నేను కుదురుగా కూర్చోలేకపోయాను, డ్యూటీలో పేర్లు తప్పు రాసేవాణ్ణి, అన్నం ముందు కూర్చొని లేచిపోయేవాణ్ణి, బౌషర్ దాకా పోయి ఆసుపత్రి గేటు చూసి, మార్తమ్మకు ముఖం చూపించలేక వెనక్కి వచ్చేవాణ్ణి, మోకరిస్తే మాట వచ్చేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం ఆఫీసు వెనుక మెట్లమీద కూలబడి ఏడ్చాను: "తండ్రీ, నా నోరు మూసింది నీమీద నమ్మకం కాదు, మనుషుల మెప్పు. నా తప్పుకు అతణ్ణి తీసుకోవద్దు ప్రభువా."

దేవునికి స్తోత్రం, అక్కడి డాక్టర్ల చేతులతో ఆయన యోహానును లేపాడు. చిక్కి సగమై తిరిగొచ్చాడు. కృతజ్ఞత కూడికలో నేను లేచి ఉన్నదంతా ఒప్పుకున్నాను. యోహాను నవ్వాడు.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే బూట్లన్న కొనుక్కుంటుంటి గదనే."

మెప్పు అనే చెరనుంచి ప్రభువు నన్ను ఆ రోజు విడిపించాడు, మహిమ ఆయనదే. ప్రియులారా, ఆయనను నమ్మండి, నమ్మినవారై తెలిసిన ప్రమాదాన్ని నోరు తెరిచి చెప్పండి, జాగ్రత్త చెప్పడం అవిశ్వాసం కాదు.

అయితే మార్తమ్మ ఆ రోజు నవ్వలేదు. మరుసటి వారం బౌషర్ వెళ్ళి, ఆమె డ్యూటీ దిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను.

"సంఘానికి చెప్పినవ్ అన్నా" అంది. "అడిగింది నేను గదా."

"అవునమ్మా, అడిగింది నువ్వే. నీ భర్త ప్రాణంకంటే నా పేరే నాకు ఎక్కువైంది. నన్ను క్షమించు."