నల్ల చందువా చెడలేదు

2013 సెప్టెంబర్ 12. ముసురు. స్టోరులో డీప్ ఫ్రీజర్‌కు పట్టిన మంచు గీకుతుంటే మేడ్చల్ మార్కెట్ నుంచి ఫోన్ వచ్చింది. చేపల చాచా తెల్లవారుజామున పోయాడట. పైకి వెళ్లి మా ఆఫీసరుకు చెప్పాను. "ఏ చాచా?" అన్నాడు.

ఏ చాచానో మీకైనా చెప్పాలి.

షామీర్‌పేట దగ్గరున్న మా ల్యాబ్‌కు మూడేళ్లు సముద్రపు చేపలిచ్చింది ఆయనే. కాకినాడ నుంచి ఐసులో వచ్చిన చేపను భుజం మీది తువాలుతో తుడిచి, మొప్ప ఎత్తి చూపించి మరీ ఇచ్చేవాడు. ఒక చేపలో కనిపెట్టిన జన్యు గుర్తులు దాని చుట్టాల్లోనూ పనిచేస్తాయా అని చూడటం మావాళ్ల పని. పనిచేస్తే ప్రతి చేపకూ కొత్తగా వెతకక్కర్లేదు. పదో తరగతితో ఆగినవాణ్ణి, స్టోరులో పాత పుస్తకాలు తిరగేసి ఈ మాత్రం తెలుసుకున్నాను. చాచాకు చెబితే పక్కవాళ్లకు వినబడేలా నవ్వాడు. "గీళ్లు చేపను వండుకోరు, గోత్రమడుగుతరు."

నిరుడు తెల్ల చందువా చేప గుర్తులను నల్ల చందువాలో పెట్టి చూశారు. ఒక్కటీ పలకలేదు. చేపే చెడిపోయిందన్నాడు ఆఫీసరు. రిజిస్టరులో నాతోనే రాయించాడు: 'సరుకు కుళ్లింది.' చాచా దగ్గర తీసుకోవడం మానేశారు. ల్యాబువాళ్లే వద్దన్నారని మార్కెట్లో పాకింది. ఏళ్లనాటి గిరాకీ పక్కవాడి చేపల బండకు మళ్లింది.

ఓ రోజు చాచా నల్ల చందువా పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చాడు. నా వేలు పట్టుకుని దాని తోక పక్కన నడిపించాడు. గరుకుగా తగిలింది.

"తెల్లదానికి గిట్లుంటదా? ఇది పార చేపల సుట్టం. చందువా అని పేరు మనం పెట్టినం. చేపకేమెర్క?"

పార చేపల గుర్తులు పెట్టి చూడమని పరిశోధన చేసే అమ్మాయికి భయపడుతూనే చెప్పాను. కుళ్లిందని ఫ్రీజర్‌లో పక్కన పెట్టిన ఆ చేప ముక్కలోనే అవి పలికాయి. రిపోర్టు మారింది. రిజిస్టరు మారలేదు. మార్చమంటే, చేపలమ్మేవాడికి సంజాయిషీ ఇచ్చుకోవాలా అన్నాడు ఆఫీసరు. అంత చదివినవాళ్లు పేరు చూసి మోసపోయారు. పేరు పోయింది మాత్రం చాచాది.

ఆయన అడిగింది ఒక్కటే. "చెడలేదని ఒక్క ముక్క రాయి బేటా. అది నీ రాతనే గద." ఆఫీసరు ఒప్పుకోవాలి చాచా అంటూ ఏడాది గడిపాను.

ఇవాళ ఎవరినీ అడగలేదు. ఆ పేజీ తీసి నా రాత కొట్టేశాను. కింద రాశాను: 'చేప చెడలేదు. మనమే పొరబడ్డాం.' సంతకం పెట్టాను.

ఇక ఇవాళ వచ్చిన సరుకు. తెల్ల చందువా, ఐసులో. పార, ఐసులో. నల్ల చందువా, తోక పక్కన గరుకు, ఐసులో.