రెండో కాగితం

నిన్న మనవరాలు తెలుగు వాచకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వాదన రాసే పద్ధతి మీద పాఠం. పూర్వపక్షం, ఖండన, ప్రతిపాదన, ఆధారం. "అమ్మమ్మా, అవతలివాళ్ళ మాట మనమెందుకు రాయాలి? అదీ ముందు?" అంది. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, ఆ పాఠం నాది కాదు. అయినా ముక్కుకి మిరపఘాటు తగిలినట్టయి కళ్ళజోడు తీసేశాను.

ఎనభై ఆరు, జనవరి నెల. సంవత్సరాలు నాకు తప్పవు. ఒంగోలుకి పడమట మా హైస్కూలు. మిరపకోతలు మొదలైతే పదో తరగతి ఆడపిల్లల హాజరు పిలవడానికి నాకు పెద్ద గొంతు అక్కర్లేకపోయేది. మా తెలుగు మాస్టారికి వాదమంటే ప్రాణం. టీ చల్లారిందని చెప్పాలన్నా ముందు వేడిగా ఉందనేవారి తరఫున మాట్లాడి, తర్వాత ఖండించేవారు. ఈలోగా నా టీ కూడా చల్లారేది. "అవతలివాడు తలూపేలా అతని మాట చెప్పాలి టీచరమ్మా. అప్పుడే మనది వింటాడు" అనేవారు.

ఆ ఏడు ఆయన క్లాసులో బాగా రాసే పిల్లని తండ్రి కోతల కోసం బడి మాన్పిస్తానన్నాడు. పరీక్షలు మార్చిలో. తండ్రి కూలికి వెళ్ళేవాడు, వాళ్ళ చర్చి సంఘంలో పెద్ద, చదువు రాదు. మాస్టారు ఆ పిల్ల చేత రెండు కాగితాలు రాయించారు. మొదటిది నాన్న పక్షం, రెండోది ఆమె జవాబు: తెల్లారి బడిగంట దాకా కోత, సెలవుల్లో రోజంతా కోత, మిగిలిన వేళ బడి. ఆ వేళల లెక్క నేనే సరిచూశాను. కుదిరింది.

ఆదివారం సాయంత్రం మాస్టారూ నేనూ వెళ్ళాం. వాళ్ళింట్లో ప్రార్థన కూడిక అయ్యాక పిల్ల నిలబడి చదివింది. "పండిన కాయ చెట్టున ఆగదు. అమ్మకి నడుం లేవడం లేదు. నాన్న ఒక్కడే ఎన్ని సాళ్ళు కోస్తాడు?" తండ్రి తలూపాడు, కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారు నావైపు గర్వంగా చూశారు. మొదటి కాగితం అయిపోయింది. పిల్ల రెండోది తీయడానికి ఆగింది.

ఆ ఇంట్లో బైబిలు వాక్యం చదివేది ఎప్పుడూ ఆ పిల్లే. ఆమె ఆగితే అయిపోయినట్టు.

"ఆమెన్" అన్నాడు తండ్రి. అందరూ "ఆమెన్" అని లేచి చాపలు దులిపారు.

"ఇంకా ఉంది నాన్నా."

"ఇంకో కాగితం ఉందయ్యా" అన్నారు మాస్టారు కంగారుగా.

"చాలండి మాస్టారూ. ఆమెన్ అయ్యాక ఇంకేం ఉంటదండీ? నా మనసులోది నాకన్నా బాగా చెప్పింది నా తల్లి."

చాప చుడుతున్న ఒకావిడ నవ్వింది. "మీ చదువు మా అన్నకే పనికొచ్చిందండోయ్!"

దారిలో టీకొట్టు దగ్గర మాస్టారు టీ వేడిగా ఉండగానే తాగేశారు. మర్నాడు పొద్దున్నే పిల్ల చేనుకి వెళ్ళింది. మార్చిలో పరీక్షహాల్లో ఆమె బల్ల ఖాళీగా ఉంది. ఆ మరుసటి ఏడు పెళ్ళయింది.

"ముందు వాళ్ళ మాటే రాయి. మీ పాఠం తప్పు కాదు" అన్నాను మనవరాలితో. "కానీ నీ జవాబు కూడా అదే కాగితం మీద పట్టేలా చూసుకో."

కాగితం తిప్పేదాకా ఆగే ఓపిక కాలానికి ఉండదు.