దొరగారి కాలివేళ్లు

అనకాపల్లి బెల్లం మార్కెట్ నుంచి బయటికొచ్చే రోడ్డు మీద దొరబొమ్మ జంక్షన్ వస్తుంది. అక్కడికి రాగానే దేముడమ్మ వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. బొమ్మ దాటి ఇరవై అడుగులు వేశాక మళ్లీ తొడుక్కునేది. నలభై ఏళ్లు అలాగే నడిచింది. మే నెలలో తారు కరిగి అరికాళ్లకి అంటుకున్నా అంతే, వానల్లో ఏ గుంటలో ఏ గాజుపెంకు ఉందో తెలియకపోయినా అంతే. విప్పమని ఎవరూ చెప్పలేదు. ఎందుకు విప్పుతున్నావని కూడా ఎవరూ అడగలేదు.

ఆ బొమ్మ రంగధామ దొరది. తెల్లవాళ్ల కాలంలో చుట్టుపక్కల ఊళ్ల మీద శిస్తు వసూలు చేసే హక్కు వేలంలో పాడుకున్న మనిషి. ఆ రోజుల్లో దేముడమ్మ అమ్మమ్మ తలుపులమ్మ బెల్లం దిమ్మలు నెత్తిన మోసేది. ఒక ఎండాకాలం కాళ్లు బొబ్బలెక్కి, ఉండబట్టలేక తోలుచెప్పులు కుట్టించుకుంది. ఆ చెప్పులతో దొర అరుగు ముందు నుంచి నడిచింది. దొర ఆమెని పిలిపించి, బెల్లం దింపించి, నెత్తిన ఆ చెప్పులు పెట్టించి, పొద్దుగూకేదాకా వీధిలో నిలబెట్టాడు. ఆ తర్వాత ఆవిడ బతికినంతకాలం చెప్పులు ముట్టుకోలేదు. ఆవిడ కూతురు తొడుక్కుంది గాని, అరుగు ముందు మాత్రం విప్పేసేది. అరుగు కూలిపోయింది. అదే చోట బెల్లం షావుకార్లు కొందరు సిమెంటు బొమ్మ లేపారు. అరుగుకి పెట్టిన మర్యాద బొమ్మకి మారింది, తల్లి కాళ్ల నుంచి దేముడమ్మ కాళ్లకి వచ్చింది.

ఇక్కడ దేముడమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడేమీ నోరులేని మనిషి కాదు. సున్నాలు, రంగులు వేయడం ఆవిడ పని. అరవై దాటినా నిచ్చెనెక్కితే దిగమన్నా దిగదు. గోడకి పచ్చరంగు వెయ్యమంటే అరటాకు పచ్చా, చిలకపచ్చా, లేత బెండకాయ పచ్చా అని ఇంటావిణ్ని అరగంట తికమకపెట్టి, చివరికి తనకి నచ్చిందే వేసి, "సూడమ్మా, నువ్వు సెప్పిందే కదా" అనగలదు. మార్కెట్ చుట్టూ ఉన్న షావుకార్ల ఇళ్లన్నిటికీ ఆవిడ చెయ్యే. ఏటా దొర వర్ధంతికి ముందు బొమ్మకి రంగు వేసేదీ ఆవిడే. తలపాగా ఎరుపు, కోటు తెలుపు, మీసాలు, బూట్లు నలుపు.

ఎనిమిదేళ్ల కిందట ఒకసారి మీసాలు దిద్దేసరికి నల్లరంగు డబ్బా అడుగంటింది. బూట్లు మిగిలిపోయాయి. మొహానికి కలిపిన రంగు మాత్రం ఇంకా బోలెడుంది. దేముడమ్మ కాసేపు ఆ బూట్ల వంక చూసింది. తన చెప్పులు నిచ్చెన కింద ఉన్నాయి. "నువ్వూ ఇప్పు" అంది మెల్లగా. బూట్ల మీద ఒంటిరంగు పూసి, సన్న కుంచెతో వేళ్లు గీసి, గోళ్లు కూడా దిద్దింది. ఎడమకాలి చిటికెనవేలికి గోరు పెట్టడం మర్చిపోయింది, అంతే.

ఎవరైనా పోల్చుకుంటారేమోనని వారం రోజులు భయపడింది. పెద్దలంతా వచ్చి దండలు వేసి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. బూట్లు పోయి వేళ్లు వచ్చాయని ఒక్కరికీ తట్టలేదు. నిలువెత్తు మనిషిని గౌరవించేవాళ్లు ఆ కాళ్లకి దండం పెడతారే గాని అక్కడ ఏం మారిందో చూడరని ఆవిడకి ఆ రోజు తెలిసింది. ఏటా అలాగే, ఆ గోరు లేకుండానే, వేస్తూ పోయింది. తను చెప్పులు విప్పి నడుస్తూనే ఓరకంట దొర వేళ్లు చూసుకుని లోలోపల నవ్వుకునేది.

ఆ నవ్వు పోయినేడు ఎండాకాలం సెలవులయ్యాక ఆగింది. కోడలు భానుశ్రీ అచ్యుతాపురం కంపెనీ బస్సు ఎక్కేది ఆ జంక్షన్లోనే. బస్సు వెళ్లిపోయాక దేముడమ్మ మనవరాలు ఇందూని బడికి తీసుకెళ్తోంది. ఆరేళ్ల పిల్ల బొమ్మ ముందు నేల మీద చతికిలబడి, కొత్త బూట్ల లేసులు పీకుతోంది. ఏటే ఇదని అడిగితే, "నువ్వు ఇప్పేవు కదా నానమ్మా. బొమ్మకి కోపమొత్తాది" అంది.

దేముడమ్మ గబగబా ఆ లేసులు కట్టేసి, పిల్లని చంకనేసుకుని బొమ్మ దాటింది.

సరిగ్గా ఆ నెలలోనే రోడ్డు వెడల్పు పని వచ్చింది. బొమ్మని ఏం చెయ్యాలో చెప్పమని వార్డు సెక్రటరీ సుప్రియ జంక్షన్లోనే షామియానా వేసి సభ పెట్టింది. ఆటోస్టాండ్ పెద్ద నానాజీ పడగొట్టాలన్నాడు. బెల్లం వర్తకుడు సూర్యనారాయణమూర్తి ఇంకా ఎత్తు దిమ్మ కట్టి, జంక్షన్ మధ్యలో నిలబెట్టాలన్నాడు. దేముడమ్మని తలుపులమ్మ సంగతి మాట్లాడమని భానుశ్రీ ముందురోజు నుంచీ పోరుతూనే ఉంది. మాట్లాడితే మూర్తిగారి ఇంటి పనీ, ఆయన చుట్టాల ఇళ్ల పనులూ అన్నీ చేజారిపోతాయని దేముడమ్మ భయం. నోరు మూసుకుని కూర్చోవాలనే వచ్చింది. ఒళ్లో ఇందు ఉంది.

మూర్తిగారు బొమ్మ దగ్గరికి నడిచి వెళ్లి వేలు చూపించాడు.

"ఈ కాళ్లు చూడండి. అంత ఆస్తి ఉండి కూడా చెప్పుల్లేకుండా నిలబడ్డ మనిషి. ఈ చిటికెనవేలు చూడండి, గోరు లేదు. జనం కోసం తిరిగి తిరిగి ఊడిపోయింది. ఇలాంటి మహానుభావుణ్నా తీసేస్తామంటున్నారు?"

దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరిపడ్డాయి. ఆపుకోలేకపోయింది. జనమంతా వెనక్కి తిరిగేసరికి లేచి నిలబడక తప్పలేదు.

"గోరు ఊడిపోలేదు బాబూ. నేనే ఎయ్యడం మరిసిపోయేను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ సంచిలోంచి రంగు కరిగించే థిన్నర్ సీసా, పాతగుడ్డ తీసింది. రంగులేసే మనిషి సంచిలో అవి ఎప్పుడూ ఉంటాయి. దిమ్మ దగ్గర గొంతుక్కూర్చుని రుద్దింది. వేళ్లు ఒకటొకటిగా కరిగిపోయి, కింద నుంచి నల్లని బూటు బయటపడింది.

"దొరకి బూట్లు తొడిగీసేవేటి పిన్నీ" అన్నాడు నానాజీ. షామియానా మొత్తం ఘొల్లుమంది.

మూర్తిగారు ఆ బూటునీ ఆవిణ్నీ మార్చి మార్చి చూశాడు. "ఏడేళ్లబట్టి ఆ వేళ్లకి పసుపు రాస్తున్నానే దేముడమ్మా."

"ఎరుగుదును బాబూ. ఆ పసుపు కడగడానికే నాకు ఏటా ఓ పూట పట్టీది."

ఈసారి ఆయనకీ నవ్వొచ్చేసింది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుని, మరెందుకలా వేశావని అడిగాడు. అప్పుడు దేముడమ్మ తలుపులమ్మ కథ చెప్పింది. అది ఇల్లు దాటి బయటికి రావడం అదే మొదలు. చెప్పులు నెత్తిన పెట్టించిన దగ్గరికి వచ్చేసరికి సభలో నవ్వులు ఆగిపోయాయి. మూర్తిగారు తల దించుకున్నాడు. తన తాత దొర దగ్గర గుమాస్తా అనీ, ఆయన ఇదంతా చూసే ఉంటాడనీ, ఇంట్లో మాత్రం దొర మంచితనమే చెప్పాడనీ నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఇంకేం, పడగొట్టడమేనన్నాడు నానాజీ. దేముడమ్మ ఒప్పుకోలేదు.

"పడగొట్టీసేక రేపు నా మనవరాలికి ఏటి సూపెట్టి సెప్పను? ఓ పక్కకి జరపండి. కింద ఏటి సేసేడో రాయండి. జంక్షన్ పేరు మాత్రం మార్సండి. రోజూ అందరి నోటా వచ్చే పేరు మా అమ్మమ్మదవ్వాల."

బొమ్మలు తియ్యాలా వద్దా, పేర్లు మార్చాలా వద్దా అని చదువుకున్నవాళ్లు టీవీల్లో గొంతులు చించుకుంటారు. ఒకడు చరిత్ర పోతుందంటాడు, ఇంకొకడు పరువు పోతుందంటాడు. ఆ బొమ్మ కింద నడిచే కాళ్లని మాత్రం ఎవరూ అడగరు. అడిగి ఉంటే ఇంత సులువైన తీర్పు ఎప్పుడో దొరికేది.

చిక్కు ఒక్కటే వచ్చింది. తలుపులమ్మ జంక్షన్ అంటే కొత్తవాళ్లు ఆ పేరున్న అమ్మవారే అనుకుని చెప్పులు విప్పి దండం పెడతారని నానాజీ బెంగపెట్టుకున్నాడు. అందరూ మళ్లీ నవ్వారు గాని మాట నిజమే. కాసేపు కిందామీదా పడ్డాక భానుశ్రీ తేల్చేసింది. "చెప్పుల తలుపులమ్మ" అంది. నోటిమాట చెల్లదు, రాతపూర్వకంగా కావాలని సుప్రియ అంటే, కాగితం మీద మొదటి సంతకం మూర్తిగారే చేశాడు.

ఆర్నెల్లకి బోర్డు వచ్చింది. దానికి ముందే ఆటోవాళ్లు "సెప్పులు, సెప్పులు" అని కేకేయడం మొదలెట్టారు, కంపెనీ బస్సు లిస్టులోనూ ఆ పేరే ఎక్కింది. దొర మార్కెట్ గోడ పక్కకి జరిగాడు. కింద రాతిపలక మీద ఆ ఎండాకాలం కథ ఉంది. ఆ రాయి చెక్కించింది మూర్తిగారు. ఈ ఏడు కూడా రంగు వెయ్యమని దేముడమ్మకే చెప్పాడు. ఆవిడ దొర బూట్లకి నిగనిగలాడేలా నలుపు వేసింది. వేసుకున్న మాట నిజమే కదా, ఉన్నదున్నట్టు కనబడాలంది.

ఇప్పుడు ప్రతి ఉదయం ఇందు ఆ జంక్షన్లో బూట్లు టకటకలాడించుకుంటూ ముందు నడుస్తుంది. వెనకాల నానమ్మ కొత్త చెప్పులు టపటపమంటాయి. కావాలనే ఒక సైజు పెద్దవి కొంది, చప్పుడు బాగా వస్తుందని.

మీ ఊళ్లోనూ ఒక బొమ్మ ఉంటుంది, ఒక పేరు ఉంటుంది. రోజూ దాని మీదుగానే వెళ్తూ ఉంటారు. ఈ ఆదివారం మీ వీధిలో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చోండి. ఆ పేరుగల మనిషి మీ వాళ్లనేం చేశాడో అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టి, పదిమంది చేత సంతకాలు చేయించి, మీ వార్డు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. వచ్చేటప్పుడు ఆ బొమ్మ ముందు నుంచే రండి. చెప్పులు చప్పుడయ్యేలా నడవండి.