ఎడమవైపు ఏమంటుందమ్మా

పండూ, నీ గురించి నలుగురికీ చెప్పమన్నారురా నన్ను.

మా అబ్బాయి పోయి రెండు నెలలు దాటింది. ఆ రోజు పొద్దున నేను వాకిట్లో కూర్చుని గోంగూర వలుస్తున్నాను. వాడు పనిచేసే షాపు పెద్దాయన గేటు దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. "రండన్నయ్యా, టిఫిన్ చేశారా?" అన్నాను. ఆయన నా మొహం చూడలేదు. "చెల్లెమ్మా, అబ్బాయికి ఒంట్లో బాగోలేదు, నువ్వొకసారి రావాలమ్మా" అన్నాడు. తెనాలి ఆసుపత్రికి వెళ్ళేసరికే అయిపోయింది. గుండెపోటన్నారు. వాడికి నలభై రెండేళ్ళు. గోంగూర కట్ట నా చేతిలోనే ఉందంట. నర్సమ్మ నా వేళ్ళు విడదీసి దాన్ని పక్కన పెట్టిందని తర్వాత చెప్పారు. నాకు తెలియదు.

నేను మూడో తరగతి దాకానే చదివాను. బైబిలు చదువుకోవడం వచ్చుగానీ కలం పట్టి రాసింది లేదు. మన సంఘం పత్రికకి రాయమని పాస్టరు గారు అడిగితే, నాకేం వచ్చండీ అన్నాను. "నువ్వు మాట్లాడినట్టే రాయమ్మా" అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మా వాడు గొప్పవాడేం కాదు. పొలాల్లో నీళ్ళ మోటార్లు కాలిపోతే మళ్ళీ వైరు చుట్టి బాగుచేసేవాడు. అంగలకుదురు నుంచి కొల్లిపర దాకా వాడు చెయ్యి పెట్టని మోటారు తక్కువ. కానీ మీలో చాలామందికి వాడు పాత కార్ల పండుగానే తెలుసు. ఎవరూ వద్దనుకున్న బండి ఏదైనా ఉంటే అది మా వాకిట్లోకి వచ్చేది.

వాడి ఆఖరి కారు ఇంకా మా ఇంటి ముందే ఉంది. ఇరవయ్యేళ్ళ బండి. కాగితాల గడువు దగ్గరకొచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి బాగుందంటే ఇంకో ఐదేళ్ళు రోడ్డెక్కుద్ది. లేదంటే తుక్కు కింద పోవాల్సిందే. మా తమ్ముడు వచ్చి, "అక్కా, వాడే లేడు, వాడి బండెందుకు? తుక్కు వాడికి ఫోన్ చేస్తాను" అన్నాడు. మా కోడలు, "నేను నడుపుతాను మావయ్యా" అంది. రేపల్లెలో ఆసుపత్రిలో నర్సు మా కోడలు. రైలు మీద పోయి వస్తది. లైసెన్సు ఉందిగానీ ఆ బండి మా వాడి మాట తప్ప ఇంకొకళ్ళ మాట వినదని మా అందరికీ తెలుసు. నా ప్రాణం మాత్రం ఆ బండి మీదే ఉంది. అది కూడా పోతే వాకిలి ఎట్టా చూడను అనుకున్నాను.

అసలు ఆ బండికీ నాకూ సంబంధం ఏంటో చెప్పాలి మీకు. దానికి ముందు వాడి చెవి గురించి చెప్పాలి.

వాడికి ఐదేళ్ళప్పుడు ఎడమ చెవి పోటొచ్చింది. మా అమ్మ చెప్పిందని వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశాను. తగ్గలేదు. చీము కారింది. మళ్ళీ పోశాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆ చెవి ఇంక వినపడలేదు. ఆ నూనె గిన్నె నేను చాలా ఏళ్ళు పొయ్యి మీద పెట్టలేదు. పెద్దయ్యాక ఒకసారి వాడి ముందు ఏడిస్తే నవ్వాడు. "నూనె పొయ్యకపోతే బండే నడవదు, మనిషెట్టా నడుస్తాడమ్మా! నువ్వు పోశావు కాబట్టే ఇంత దూరం వచ్చాను" అన్నాడు. ఆ మాటతో నా గుండె మీద బరువు సగం దించాడు.

మొదటి కారు బాపట్లలో కొన్నాడు. నీలం రంగుది, పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. సముద్రం దగ్గర తిరిగిన బండి అని వాడికి తట్టలేదు. కిందంతా ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉంటే, అమ్మినాయన నల్ల రంగు దట్టంగా పూయించాడు. ఇంటికి తెస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సగం దూరం వచ్చాక నా కుడికాలు కింద మెత్తగా తగిలింది. ఇంకొంచెం నొక్కాను. కాలు దిగిపోయింది. చూస్తే నా కాళ్ళ కింద రోడ్డు పరిగెడుతోంది!

"ఒరేయ్, ఆపరా! నా చెప్పు పోయింది!"

"ఎక్కడ పోయింది?"

"బండిలోంచి పోయిందిరా నాయనా!"

ఆపాడు. వెనక్కి నడిచి వెళ్ళి చెప్పు ఏరుకొచ్చాడు. బాగా నవ్వాడు, తర్వాత మొహం చిన్నబోయింది. ఆ రోజు నేర్చుకున్నాడు, బండి కొనేటప్పుడు పైన చూడకూడదని. అప్పట్నుంచీ ఎవరు బండి చూపించినా చాప అడిగి పరుచుకుని ముందు దాని కింద పడుకునేవాడు. "మొహం ఎవరైనా కడుక్కుంటారమ్మా, అరికాళ్ళు చూడాలి" అనేవాడు.

ఆ తర్వాత ఈ బండి. తెల్లది. ఇదీ చవగ్గానే వచ్చింది, కాకపోతే అరికాళ్ళు బాగున్నాయి. వెనక సీటు తీసేసి మోటార్లు మోసేవాడు. ఆదివారం మళ్ళీ సీటు బిగించి మమ్మల్ని మన సంఘం గుడికి తీసుకెళ్ళేవాడు. అట్టా ఒక ఆదివారం నన్ను ముందు కూర్చోమని, "అమ్మా, ఎడమవైపు ఏమంటుందో వినవే" అన్నాడు. డ్రైవరు కుడివైపు కదా కూర్చునేది. ఎడమ చక్రం దగ్గర ఏం చప్పుడొచ్చినా వాడి మంచి చెవికి అందదు.

"నాకేం తెలుసురా బండ్ల గురించి?"

"నీకు తెలిసిందే చెప్పు. ఏంలా ఉంది?"

విన్నాను. "రోట్లో రోకలి పోటు వేసినట్టుంది. గుంటలో పడ్డప్పుడల్లా."

"ఇంకా?"

"ఇంకేం లేదు. కుదురుగానే ఉంది."

వాడు అదే మాట పోయి మెకానిక్ మేస్త్రికి చెప్పాడంట. మేస్త్రి పడీపడీ నవ్వాడంట. నవ్వి, విప్పి చూస్తే లోపల ఏదో రబ్బరు అరిగిపోయి ఉంది. అప్పట్నుంచి నాకు ఉద్యోగం వచ్చింది. పోపు చిటపటలాడితే ఒక జబ్బు, గుడ్ల మీద కోడిపెట్ట కసురుకుంటే ఒక జబ్బు, అట్లకాడతో పెనం గీకినట్టుంటే ఒక జబ్బు. మేస్త్రి నేను కనపడితే, "పిన్నీ, ఇయ్యాల బండి ఏం వండుతుంది?" అని ఎగతాళి చేసేవాడు. "నీకు వండట్లేదులే, నా కొడుక్కి" అనేదాన్ని. తర్వాత తర్వాత వేరేవాళ్ళ బండి తెచ్చి కూడా, "పిన్నీ, ఒక్క రౌండు రా" అనేవాడు. పొలం పనులు తప్ప ఏమీ ఎరగని దాన్ని. నా చేత నాట్లేయించుకున్నారు, కలుపు తీయించుకున్నారు. నీకేం వినపడిందని నన్ను అడిగినవాడు నా కొడుకొక్కడే.

"కొత్త బండి మొహమాటస్తురాలమ్మా, లోపల నొప్పున్నా చెప్పదు. చౌక బండి అట్టా కాదు, ఎక్కడ నొప్పో అక్కడే అరుస్తుంది" అనేవాడు.

చౌక బండితో నగుబాట్లూ తక్కువ కాదు. ఒకసారి రేపల్లెలో మా ఆడపడుచు మనవడి బాప్తిస్మానికి బయల్దేరాం. యాభై మందికి సరిపడా మజ్జిగ నేను చేసి తెస్తానని మాటిచ్చాను, పెద్ద క్యాను వెనక పెట్టుకున్నాం. వేమూరు దాటాక రోడ్డు మీద మినుము కట్టె పరిచి ఉంది. మనవైపు తెలుసుగా, బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుద్దని తారు మీద ఆరేస్తారు. మా ముందు కొత్త కారు ఒకటి పక్కకి తప్పుకుని వెళ్ళింది. అక్కడున్న ముసలామె చేట పట్టుకుని, "మేం ఏం కోరాం, తొక్కి పొమ్మనేగా" అని గొణిగింది. మా వాడికి అది చాలు.

"అమ్మమ్మా, మన బండి ఉందిగా!" అని దాని మీద నడిపాడు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. నాలుగుసార్లు. ముసలామె మురిసిపోయి, "నీ బండి చల్లగుండ నాయనా" అంది.

బండి చల్లగా లేదు. మైలు దూరం పోయామో లేదో, "పండూ, ఎండు ఆకులు నలిపినట్టుందిరా కింద" అన్నాను. ఆ మాట అంటుండగానే పొగ. మినుము కట్టె చుట్టుకుపోయి పొగ గొట్టం వేడికి అంటుకుంది. దిగి దూకాం. చుట్టుపక్కల కాలవ ఎండిపోయి ఉంది. వాడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను.

"వద్దురా, యాభై మంది..."

"అమ్మా, బండి!"

పోశాం. మజ్జిగంతా పోశాం. వాడు కర్రతో కట్టె లాగుతుంటే నేను చెంబుతో పోస్తూనే ఉన్నాను. రేపల్లెలో దిగేసరికి నా పట్టుచీర నిండా మసి, బండంతా పులిసిన వాసన. మా ఆడపడుచు ఖాళీ క్యాను చూసి, "వదినా, మజ్జిగేది?" అంది. "కారు తాగింది" అన్నాడు మా వాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో నన్ను చూస్తే ముందు ఆ మాటే. ఇంక నీ బండి ఎక్కితే ఒట్టు అన్నాను. వచ్చే ఆదివారమే ఎక్కాను. ఎడమవైపు ఎవరు వింటారు మరి.

వాడు పోవడానికి వారం ముందు సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు వాడు టైరు మారుస్తూ ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంట్రా?" అన్నాను. "గ్యాసే అమ్మా, సోడా తాగితే పోద్ది" అన్నాడు. పోద్దనుకున్నాను. ఆ రోజే బండి ముందు చక్రం దగ్గర సన్నగా ఈలలా వినపడితే చెప్పాను. సాయంత్రానికల్లా బేరింగు మార్పించాడు. నా చెవి బండి మీద ఉంది. వాడి మీద లేదు. దేవుడి దగ్గర ఈ మాట రోజూ అంటాను. వాడుంటే ఏదో ఒక నవ్వే మాట చెప్పి దీన్ని కూడా దించేవాడు. ఇప్పుడు నేనే మోసుకోవాలి. ఏం పర్లేదు, వాడు నాకిచ్చినదాని ముందు ఇదేం బరువు.

బండి మా కోడలి పేరుకి మార్చాక, మొన్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు రమ్మన్న రోజు వచ్చింది. పొద్దున్నే ప్రార్థన చేసుకుని ఇద్దరం బయల్దేరాం. మా కోడలు స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. రెండుసార్లు ఆగిపోయింది బండి. "కొంచెం రేజ్ చేసి వదలమ్మాయ్, వాడట్టానే చేసేవాడు" అన్నాను. కదిలింది. రోడ్డెక్కాక, ముందుకే చూస్తూ అడిగింది.

"ఎడమవైపు ఏమన్నా అంటుందా అత్తయ్యా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నాను. మొదట నా ఏడుపే వినపడింది. తర్వాత బండి వినపడింది. రోకలి. చాలా మెల్లగా, దూరంగా ఎవరింట్లోనో దంచుతున్నట్టు.

"మేస్త్రి దగ్గర ఆపమ్మాయ్."

మేస్త్రి నడిపి చూసి, "నాకేం వినపళ్ళేదే పిన్నీ, నీ బెంగ అది" అన్నాడు. విప్పమన్నాను. మొహమాటానికి విప్పాడు. రబ్బరు చీలి ఉంది. మేస్త్రి దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎగతాళి చెయ్యలేదు. కొత్తది వేసి, మిగతా మూడు చక్రాల దగ్గరవీ కూడా మార్చాడు.

ఇన్‌స్పెక్టరు కుర్రాయనే. బ్రేకు తొక్కించాడు, లైట్లు వేయించాడు, వంగి కింద చూశాడు. తనే కూర్చుని కొంచెం దూరం నడిపి తెచ్చాడు. నేను చెట్టు కింద నిలబడి ఆయన మొహమే చూస్తున్నాను. దిగి, "ఇన్నేళ్ళ బండి, కిర్రుమనదు, కర్రుమనదు. ఎవరమ్మా చూసుకునేది?" అన్నాడు.

"మా ఆయనండి" అంది మా కోడలు.

ఆయన కాగితం మీద రాసిచ్చాడు. ఐదేళ్ళు.

బయటికి రాగానే తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏమైందక్కా?"

"మీ తుక్కు వాణ్ణి ఇంకో బండి చూసుకోమను" అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినపడింది.

మా కోడలు బండిని ఒక టిఫిన్ హోటల్ ముందు ఆపింది. వాడు పోయాక మేమిద్దరం తిన్నదంతా కలిపినా ఒక పూట తిండి కాదు. మాత్రలు వేసుకోవాలి కాబట్టి రెండు ముద్దలు మింగడం, అంతే. ఆ రోజు ఇడ్లీ తెచ్చి పెడితే, వేడికి ఆవిరి మొహానికి తగిలింది. ఆకలేసింది. ఏసినందుకు సిగ్గేసింది. మా కోడలు వంచిన తల ఎత్తకుండా తింటోంది. నేనూ తిన్నాను.

"ఇంకో ప్లేటు చెప్పనా అత్తయ్యా?"

"చెప్పు. కారప్పొడీ నెయ్యీ కూడా అడుగు."

బయట బండి ఎండలో నిలబడి ఉంది. దాని కింద నీడలోకి ఒక మేకపిల్ల దూరి పడుకుంది. మేం బయల్దేరదామని వెళ్ళినా లేవలేదు. తొందరేముందిలే, పడుకోనీ అని ఇద్దరం పక్కన నిలబడ్డాం.

ఇదంతా చదివినందుకు మీకు వందనాలండి. నాదొకటే మాట. వేళకి అన్నం తినండి. కడుపునిండా తినండి.